పెన్‌డ్రైవ్‌లు అమ్మే ముందు ఒకసారి ఇది చదువు

చిరంజీవి చిన్నాకి పెద్దమ్మ ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతి చెప్పింది. డీటీపీ పనికి, అదే కంప్యూటరులో పేజీలు కూర్చే పనికి కావలసిన సాఫ్ట్‌వేర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో సర్ది, ఇన్‌స్టాల్ చేసే పని లేకుండా ఏ కంప్యూటరుకి పెడితే దాంట్లో నడిచేలా చేశావట. గుంటూరులోనూ బెజవాడ గవర్నర్‌పేటలోనూ జిరాక్సు షాపులకీ డీటీపీ సెంటర్లకీ అమ్ముతావట. చీటీ పాడిన డబ్బు పెన్‌డ్రైవ్‌లకి ఇస్తున్నానని కూడా చెప్పింది. మా ఇంట్లో పిల్లాడు నా పనికి పనికొచ్చే వస్తువు తయారుచేశాడని ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఇంత రాస్తున్నాను. విసుక్కోకుండా చివరిదాకా చదువు.

విండోస్ సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఏమీ రాయకూడదు, సెట్టింగులన్నీ నీ ఫోల్డరులోనే ఉండాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ అడగకూడదు. ఇవి నీకు నేను చెప్పాలా. కానీ షాపుల్లో కంప్యూటర్లు నీ లాప్‌టాప్ లాంటివి కావు. ఒకదానికి కార్డు రీడరు, ఇంకోదానికి రెండు హార్డ్ డిస్కులు ఉంటాయి. నీ దగ్గర E: డ్రైవ్‌గా కనిపించిన పెన్‌డ్రైవ్ అక్కడ H: డ్రైవ్ అవుతుంది. పేజీలు కూర్చే స్క్రైబస్‌లో ఫాంట్ల ఫోల్డరు దారి డ్రైవ్ అక్షరంతో సహా రాసి పెట్టావంటే, అక్కడ ఫైలు తెరవగానే ఫాంటు లేదని అడుగుతుంది. ముహూర్తం టైమైపోతోందని పెళ్ళివాళ్ళు నెత్తిమీద నిలబడి ఉంటారు. ఆ టెన్షన్ నాకు తెలుసు. దారులన్నీ పెన్‌డ్రైవ్‌లోని ఫోల్డరుని బట్టి పోవాలి తప్ప డ్రైవ్ అక్షరాన్ని బట్టి పోకూడదు.

ఇంకోటి, పెన్‌డ్రైవ్ తీసేశాక ఆ కంప్యూటరులో ఏమీ మిగలకూడదు. మా షాపులకి జనం ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు, పొలం కాగితాలు తెస్తారు. టెంప్ ఫోల్డరులోనో, ఇటీవల తెరిచిన ఫైళ్ళ జాబితాలోనో ఎవరి ఆధారో ఉండిపోతే ఎవరిది పూచీ? మూసేటప్పుడు నీ సాఫ్ట్‌వేరే వాటిని తుడిచెయ్యాలి.

ఇక అసలు సంగతి.

సీడీలు రాసి అమ్మే రోజుల్లో నేను అరండల్‌పేటలో ఒకాయన షాపులో ఆపరేటరుగా చేసేదాన్ని. మంచి మనిషి. నెల జీతం ఒక్క రోజు కూడా ఆలస్యం చేసి ఎరగడు. తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరుకి అప్పట్లో డాంగిల్ అని ఒకటి ఇచ్చేవాళ్ళు. కంప్యూటరు వెనక ప్రింటరు వైరు పెట్టే చోట దాన్ని బిగించి, దాని వెనక ప్రింటరు వైరు తగిలించాలి. అది లేకపోతే అక్షరం పడదు. ఆయన డబ్బు పోసి ఆ సాఫ్ట్‌వేరు కొన్నాడు, బిల్లు కూడా ఉంది. కొన్నాళ్ళకి ఎవరో కుర్రాడు డాంగిల్ లేకుండా నడిచే కాపీ తెచ్చిచ్చాడు. ఆయన దానికి ఇంకో నాలుగు సాఫ్ట్‌వేర్లు కలిపి సీడీ తయారుచేశాడు. లాక్ అక్కర్లేదు, ఏ కంప్యూటరులోనైనా నడుస్తుంది, అంతా ఒకే సీడీలో. తెనాలి, నరసరావుపేట, బాపట్ల నుంచి వచ్చి కొనుక్కుపోయారు. "నేను డబ్బు పెట్టి కొన్నదేగా, నలుగురికీ ఇస్తే తప్పేముంది" అనేవాడు. మోసం చెయ్యాలన్న ఆలోచన ఆయనకి ఏ కోశానా లేదు. బిల్లుపుస్తకంలో కార్బన్ పెట్టి, కొన్నవాళ్ళ పేరూ ఊరూ రాసి మరీ ఇచ్చేవాడు.

ఒకరోజు ఇద్దరు వచ్చి సీడీ కొని బిల్లు అడిగి తీసుకున్నారు. మర్నాడు వాళ్ళే పోలీసులతో వచ్చారు. మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. కంప్యూటర్లు మూడూ సీల్ చేసి జీపులో పెట్టుకుపోయారు. ప్రెస్సుకి వెళ్ళాల్సిన శుభలేఖలు, ఒక స్కూలు పరీక్ష పేపర్లు, అన్నీ ఆ డిస్కుల్లోనే ఉన్నాయి. కార్డుల కోసం వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక మేం గుమ్మంలో నిలబడ్డాం. బిల్లుపుస్తకం కూడా తీసుకుపోయారురా. దాంట్లో ఉన్న పేర్లందరికీ నోటీసులు వెళ్ళాయి. తెనాలిలో ఒక్క కంప్యూటరుతో షాపు నడుపుకునే ఒకామె నోటీసు చేత్తో పట్టుకుని వచ్చింది. "డబ్బిచ్చి కొన్నాను కదండీ, బిల్లు కూడా ఉంది కదండీ" అని అడిగింది. ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత రాజీ అయింది కానీ, ఆ రాజీ డబ్బు కట్టడానికి షాపు అమ్మేశాడు.

నువ్వు అలా చేస్తావని కాదు, నా తండ్రీ. నీ పెన్‌డ్రైవ్ కొనేవాళ్ళంతా ఆ తెనాలి ఆమె లాంటి వాళ్ళేనని నా భయం. కాపీరైట్ చట్టం 1957లో 63బి అని ఒక సెక్షన్ ఉంది. దొంగ కాపీ అని తెలిసి కంప్యూటరులో వాడినవాళ్ళకి 7 రోజుల నుంచి 3 ఏళ్ళ దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. పంచినవాళ్ళకి 63 కింద జైలు కనీసం 6 నెలలు. డబ్బిచ్చి కొంటే మనకి వచ్చేది వాడుకునే హక్కు. పోయినా ఉంటుందని ఒక కాపీ దాచుకోవచ్చు, దానికి చట్టమే ఒప్పుకుంది. పంచే హక్కు మాత్రం వేరే. అద్దెకి ఉండమన్నారు కదా అని ఆ ఇంటిని మనం ఇంకొకరికి అద్దెకివ్వలేం కదా.

డబ్బు అడగని సాఫ్ట్‌వేరు సంగతీ అంతే. విండోస్‌ని పరీక్షించుకునే మైక్రోసాఫ్ట్ వాళ్ళ సిస్‌ఇంటర్నల్స్ టూల్స్ ఎవరైనా పైసా కట్టకుండా దించుకోవచ్చు, మనం మళ్ళీ పంచడానికి ఒప్పుకోరు. ఫొటోలు చూసుకునే ఇర్ఫాన్‌వ్యూ ఇంట్లో వాడుకోవడానికి ఉచితం, షాపులో వాడితే లైసెన్సు కొనాలి. పాత కంప్యూటరులో డీఎల్‌ఎల్ (సాఫ్ట్‌వేరు నడవడానికి కావలసిన తోడు ఫైలు) లేదని ఎర్రర్ వస్తే విండోస్ ఫోల్డరులోంచి దొరికిందల్లా కాపీ చెయ్యకు. ఏవి పంచుకోవచ్చో మైక్రోసాఫ్ట్ జాబితా ఇస్తుంది, అందులో ఉన్నవే పెట్టు. ఫొటోషాప్, పేజ్‌మేకర్లని ఎవరో పోర్టబుల్ చేసి నెట్‌లో పెట్టినవి తెస్తావేమో, వాటి జోలికి అసలు వెళ్ళకు. ఈ ఒక్క విషయంలో నీతో వాదించే ఓపిక నాకు లేదు.

నీకు చాలినన్ని మంచివి ఉన్నాయి. పేజీలకి స్క్రైబస్, బొమ్మలు గీయడానికి ఇంక్‌స్కేప్, ఫొటోలకి గింప్, ఇవి జీపీఎల్ అనే లైసెన్సు కింద వస్తాయి. ఉత్తరాలకీ లెక్కలకీ పనికొచ్చే లిబ్రే ఆఫీస్‌ది ఎంపీఎల్ అనే ఇంకో లైసెన్సు. వీటిని పంచొచ్చు, డబ్బుకి అమ్మొచ్చు కూడా. కానీ జీపీఎల్ వాటితో సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు రాత కూడా ఇవ్వాలి, లేదా అడిగితే ఇస్తామని కనీసం 3 ఏళ్ళు చెల్లే రాతపూర్వకమైన మాట ఇవ్వాలి. ఆ మాట మాత్రం ఇవ్వకు. రేపు ఉద్యోగం వచ్చి బెంగుళూరు వెళ్ళిపోతావు, ఎవరో చీరాల నుంచి ఉత్తరం రాస్తే చూసేదెవరు? పెన్‌డ్రైవ్‌లో చోటుంది, సోర్స్ కూడా అందులోనే పెట్టెయ్. ఎంపీఎల్ వాటికి సోర్స్ ఎక్కడ దొరుకుతుందో చెప్పినా సరిపోతుంది. ప్రతిదాని లైసెన్సు కాగితం ఒక ఫోల్డరులో ఉండాలి. నువ్వు కోడ్ మార్చి ఉంటే ఏం మార్చావో రాయి.

పేర్లతో కూడా జాగ్రత్త. కోడ్ ఇచ్చినవాళ్ళు పేరూ గుర్తూ వాడుకోమని ఇచ్చినట్టు కాదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని తమ పద్ధతిలో మార్చుకున్నందుకు, లినక్స్ తయారుచేసి పంచే డెబియన్ వాళ్ళు ఆ పేరు వదిలేసి, 2006 నుంచి 2016 దాకా ఐస్‌వీజిల్ అని పంచారు. అంత పెద్ద సంస్థే తప్పుకుంది. నీ ప్యాకెట్ మీద నీ పేరే పెద్దగా వెయ్యి, వాళ్ళ బొమ్మలు వద్దు.

ఫాంట్లు చూస్తే నాకు ఇప్పటికీ ఆ డాంగిలే గుర్తొస్తుంది. ఎవరి కంప్యూటరులోంచీ ఫాంట్లు ఎత్తుకురాకు, నా కంప్యూటరులోంచి కూడా. మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు, పెద్దన, ధూర్జటి, ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. సాఫ్ట్‌వేరుతో కలిపి అమ్ముకోవచ్చు, ఉత్త ఫాంట్లే అమ్మకూడదు. ఆ లైసెన్సు కాగితం వాటి పక్కనే ఉండాలి. శుభలేఖలకి మండలి బాగుంటుంది, కరపత్రాల హెడ్డింగులకి రామభద్ర. మా షాపుల వాళ్ళు మొదట మూతి ముడుస్తారు, పాత కీబోర్డు అలవాటు వాళ్ళది. నేను కూర్చుని నేర్పిస్తాను, ఆ పని నాకు వదిలెయ్.

చీటీ డబ్బు అంతా ఒకేసారి పెట్టొద్దు. ముందు పది పెన్‌డ్రైవ్‌లు కొను. ఆదివారం ఒకటి తీసుకుని షాపుకి రా, విండోస్ 7తో నడిచే పాత కంప్యూటరు ఉంది, దాంట్లో చూద్దాం. పెన్‌డ్రైవ్‌తో పాటు కాగితం మీద ఒక పట్టిక కూడా తే. ఒక్కో సాఫ్ట్‌వేరు పేరు, ఎక్కడ దించావు, ఏ లైసెన్సు, పంచొచ్చని అందులో ఎక్కడ రాసి ఉంది. పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ కలిసి చదువుదాం. చదివాక నమ్మకం కుదరనివి తీసేద్దాం. బిల్లుపుస్తకం నేనే అచ్చు వేయించి ఇస్తాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ