వార్డుల గీతలు, ఆగిన ఎన్నికలు: మీ ప్రశ్నలకు జవాబులు

పురపాలక ఎన్నికల జాప్యం, వార్డుల పునర్విభజన, రిజర్వేషన్ల గురించి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా నగరంలో కార్పొరేటర్‌కి చివరిసారి ఓటు వేసింది 2014లో. ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అంటారు కదా, మరి ఇదెలా సాగుతోంది?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: తప్పనిసరే. రాజ్యాంగం 243-యు అధికరణం ప్రకారం పాలకవర్గం మొదటి సమావేశం జరిగిన రోజు నుంచి ఐదేళ్లే, ఆపై ఒక్కరోజు కూడా లేదు. ఆ గడువు తీరేలోపే కొత్త ఎన్నిక పూర్తికావాలి. మధ్యలో రద్దుచేస్తే ఆరు నెలల్లో జరపాలి. హద్దులు తేలలేదు, జాబితా తయారుకాలేదు అన్న సాకులు చెల్లవని అహ్మదాబాద్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2006లోనే తేల్చింది.

అయినా సాగుతోందంటే కారణం ఒకటే. ఎన్నిక జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. కానీ వార్డులు గీసి, రిజర్వేషన్లు ఖరారు చేసి దాని చేతికివ్వాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. ఆ రెండు కాగితాలు రానంతకాలం సంఘం ఉత్తరాలు రాస్తూ కూర్చోవాల్సిందే. మీ నగరంలోనైతే చుట్టుపక్కల గ్రామాల విలీనం కోర్టుకెక్కింది. ఏ ఊరు లోపల, ఏ ఊరు బయట అన్నది తేలకపోతే జనాభా తేలదు. జనాభా తేలకపోతే డివిజన్లు (కార్పొరేషన్‌లో వార్డులను అలా అంటారు) ఎన్నో తేలదు. అందుకే 2021 మార్చిలో రాష్ట్రంలో 12 కార్పొరేషన్లకు పోలింగు జరిగినా రాజమహేంద్రవరం ఆ జాబితాలో లేదు. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం దిగిపోయాక మళ్లీ ఎన్నికే లేదు. విశాఖలో 2012 నుంచి 2021 దాకా తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. ఈలోగా భీమిలి, అనకాపల్లి కలిశాయి, 72 వార్డులు 98 అయ్యాయి. తెలంగాణలో 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2025 జనవరి 26తో తీరితే, అక్కడా వెంటనే ఎన్నిక జరగలేదు, ప్రత్యేకాధికారులే వచ్చారు.

దీనికి జనగణన కూడా తోడైంది. 2027 జనగణన కోసం 2025 డిసెంబరు 31 తరువాత పాలనా హద్దులు కదపవద్దని కేంద్రం రాష్ట్రాలకు చెప్పింది. విలీనం గురించి మీకెవరైనా మాటిస్తే ఈ తేదీని గుర్తుచేయండి.

ప్రశ్న: పునర్విభజన ముసాయిదాలో మా వీధికి ఒక పక్క ఇళ్లు ఒక వార్డులో, ఎదుటి పక్క ఇళ్లు ఇంకో వార్డులో పడ్డాయి. అభ్యంతరం ఇస్తే ఫలితం ఉంటుందా? ఎలా రాయాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

జవాబు: వీధి మధ్య నుంచి హద్దు పోవడం తప్పేమీ కాదు. రోడ్డు, కాలువ, రైలు పట్టాలు, ఇవే వార్డుకు సహజమైన హద్దులు. కాబట్టి "మా వీధిని చీల్చారు" అని మాత్రమే రాస్తే పక్కన పడేస్తారు. "మాకు అన్యాయం జరిగింది, పాత వార్డే ఉంచాలి" అన్న ఒక్క వాక్యం కింద నూరు సంతకాలు పెట్టినా దారి అదే.

నిలబడే అభ్యంతరంలో లెక్క ఉంటుంది. పట్టణం మొత్తం జనాభాను లేదా ఓటర్లను వార్డుల సంఖ్యతో భాగించి సగటు తీస్తారు. ఏ వార్డైనా ఆ సగటుకు పది శాతం అటూ ఇటూ మించకుండా ఉండాలి. జనాభా లెక్కన తీశారా, ఓటర్ల లెక్కనా అన్నది ముందు ప్రకటనలో చూసుకోండి. ఉదాహరణకు 36 వార్డుల పట్టణంలో 72,000 మంది ఓటర్లుంటే సగటు 2,000. అంటే ప్రతి వార్డూ 1,800 – 2,200 మధ్య ఉండాలి. మీ వార్డులో 2,640, పక్కవార్డులో 1,590 పడ్డాయనుకోండి. రెండూ గీత దాటాయి. అప్పుడు "ఫలానా ఇంటి నంబరు నుంచి ఫలానా నంబరు వరకు, 450 మంది ఓటర్లున్న ఈ భాగాన్ని పక్కవార్డుకు మార్చండి, మాది 2,190, వారిది 2,040 అవుతుంది" అని రాయండి. అధికారికి చేయాల్సిన పని చేసి చేతికిచ్చినట్టవుతుంది. కాదనాలంటే ఆయన కారణం రాయాలి.

రాయబోయే ముందు ముసాయిదా కాగితం చేతపట్టుకుని హద్దు వెంట ఒకసారి నడవండి. ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర అని నాలుగు వైపులా వర్ణన ఉంటుంది. తప్పులు దొరికేది అక్కడే. ఒకే ఇంటి నంబరు రెండు వార్డుల్లో రావడం, ఒక బ్లాకు ఏ వార్డులోనూ లేకపోవడం, విలీనమైన గ్రామంలో పాత పంచాయతీ నంబర్లూ కొత్త మున్సిపల్ నంబర్లూ కలిసిపోవడం, ఒకే అపార్ట్‌మెంటు రెండు ముక్కలు కావడం. ఇలాంటిది ఒక్కటి పట్టుకున్నా మీ కాగితానికి బరువొస్తుంది.

గడువు మాత్రం చాలా తక్కువ, మామూలుగా ఏడు రోజులు. సెలవులు కూడా అందులోనే. కమిషనర్ కార్యాలయంలో రెండు ప్రతులు ఇచ్చి, ఒకదానిమీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఫోన్లో చెప్పినది, వాట్సాప్‌లో పంపినది రేపు రుజువుకు నిలవదు. ప్రకటనలో ఈమెయిలు చిరునామా ఇస్తే అక్కడికీ ఒకటి పంపండి. వార్డువారీ లెక్కలు బోర్డుమీద పెట్టకపోతే, మీ మొదటి అభ్యంతరం అదే కావాలి: లెక్క చూపకుండా అభ్యంతరం అడగడం న్యాయం కాదని రాయండి.

ప్రశ్న: మా వార్డు ఈసారి జనరల్ అన్నారు, తరువాత ఎస్సీ అన్నారు, ఇప్పుడు మళ్లీ మారుతుందంటున్నారు. ఎవరు, ఏ లెక్కన చేస్తారు?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ఖరారయ్యే దాకా వినబడేవన్నీ ఊహలే. లెక్క ఇలా ఉంటుంది. 36 వార్డులు, 90,000 జనాభా ఉన్న పట్టణంలో ఎస్సీలు 14,400 మంది అయితే 36ను ఆ నిష్పత్తితో గుణిస్తే 5.76, అంటే 6 సీట్లు. ఎస్టీలు 2,250 అయితే 0.9, అంటే ఒకటి. ఈ ఏడు ఏ వార్డులన్నది అక్కడ వారి జనాభా శాతాన్ని బట్టి పై నుంచి కిందికి వరుస వేసి తేలుస్తారు. దీనికి ఆధారం ఇప్పటికీ 2011 జనగణనే, ఎందుకంటే ప్రచురితమైన చివరి లెక్క అదే. బీసీల సంఖ్య జనగణనలో లేదు కాబట్టి ఇంటింటికీ తిరిగి బీసీ ఓటర్లను గుర్తిస్తారు. మహిళలకు రాజ్యాంగం కనీసం మూడో వంతు అంటే, మన రెండు రాష్ట్రాల్లోనూ సగం.

చాలామంది గమనించనిది ఒకటుంది. వార్డు గీత మారితే రిజర్వేషనూ మారుతుంది. మీ వార్డులో ఎస్సీలు 31 శాతం ఉండి వరుసలో ఆరో స్థానంలో ఉన్నారనుకుందాం. పునర్విభజనలో ఒక్క వాడ పక్కవార్డుకు పోతే 27 శాతానికి దిగి, ఏడో స్థానానికి జారి, ఆ వార్డు జాబితాలోంచే తప్పుకుంటుంది. ఆ వాడ వెళ్లిన వార్డులోనూ శాతం చాలకపోతే ఇద్దరికీ దక్కదు. దళితవాడల్ని ముక్కలు చేశారన్న ఫిర్యాదులకు మూలం ఇదే, ఇది కొట్టిపారేయాల్సిన ఫిర్యాదు కాదు. కాబట్టి రిజర్వేషన్ గురించిన పోరాటం పునర్విభజన ముసాయిదా రోజే మొదలుకావాలి. రిజర్వేషన్ జాబితా వచ్చాక వ్యవధి ఉండదు: తెలంగాణలో 2020 జనవరి 5న మహిళా వార్డులకు లాటరీ తీస్తే 8న నామినేషన్లు మొదలయ్యాయి. ఆ లాటరీ అందరి ముందూ తీస్తారు. అక్కడ నిలబడి ప్రతి చీటీ డబ్బాలో పడేటప్పుడు లెక్కపెట్టుకోవాల్సింది మీ పార్టీ మనిషే.

ప్రశ్న: బీసీలకు 42 శాతం ఇస్తామన్నారు. ఎందుకు నిలబడలేదు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లు మూడూ కలిపి 50 శాతం దాటకూడదని 2010లో కృష్ణమూర్తి కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2021లో మహారాష్ట్ర కేసులో మూడు షరతులు స్పష్టం చేశారు: ప్రత్యేక కమిషన్ వేసి వెనుకబాటును పరిశీలించాలి, దాని సిఫార్సు ప్రకారం స్థానిక సంస్థవారీగా శాతం తేల్చాలి, మొత్తం 50 దాటకూడదు. మొదటి రెండూ చేసినా మూడోదాని దగ్గర ఆగిపోతుంది. బీసీలకు 42 శాతం కేటాయిస్తూ తెలంగాణ 2025 సెప్టెంబరు 26న ఇచ్చిన జీవో 9 అమలును అక్టోబరు 9న హైకోర్టు నిలిపివేసింది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు 50 శాతం లోబడే జరిగాయి. బీసీల కోరిక న్యాయమైనదే, కానీ జీవోతో తెగేది కాదు. ఈ మూడు షరతుల కసరత్తు పూర్తికాలేదని ఎన్నికలే ఆపడం కుదరదని కూడా సుప్రీంకోర్టు 2022 మే 10న మధ్యప్రదేశ్ కేసులో చెప్పింది. అప్పుడు బీసీల సీట్లను జనరల్‌గా ప్రకటించి ఎన్నిక జరపాలి.

ప్రశ్న: హైకోర్టుకు వెళ్తే వార్డుల విభజన ఆగుతుందా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఎప్పుడు వెళ్లారన్నదే ముఖ్యం. రాజ్యాంగం 243-జడ్‌జీ అధికరణం ప్రకారం విభజన చట్టాన్ని కోర్టులో ప్రశ్నించకూడదు, ఎన్నికను ఎన్నికల పిటిషన్ ద్వారానే సవాలు చేయాలి. నోటిఫికేషన్ వచ్చాక కోర్టులు సాధారణంగా ఆపవు. కానీ నోటిఫికేషన్‌కు ముందు, చట్టం చెప్పినదాన్ని బాహాటంగా మీరితే వింటాయి. గోవాలో 2021 మార్చిలో మార్గావ్, మాపుసా సహా ఐదు మున్సిపాలిటీల వార్డు రిజర్వేషన్లను హైకోర్టు కొట్టేస్తే సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. మహిళలకు కనీస వాటా కూడా ఇవ్వకపోవడం అక్కడి లోపం.

మీ నగరం సంగతి మీకు తెలిసిందే. ఓటర్ల జాబితా తప్పులమీద కేసుతో 2021 మార్చి 10న పోలింగు జరిగినా లెక్కింపు జూలై 25 దాకా ఆగింది. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌తో పాటు జత చేయాల్సింది ముద్ర ఉన్న మీ అభ్యంతరం ప్రతి, దానికొచ్చిన జవాబు, వార్డు లెక్కలు. "గడువులో ఎందుకు చెప్పలేదు?" అన్నదే జడ్జి మొదటి ప్రశ్న.

ప్రశ్న: ఓటు ఉంది కానీ వార్డు జాబితాలో పేరు వేరే వార్డులో ఉంది. పోటీ చేయొచ్చా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వార్డు జాబితాను అసెంబ్లీ జాబితాలోంచే ముక్కలు చేసి తయారుచేస్తారు. పేరు వేరే వార్డులో పడితే ముసాయిదా దశలో మున్సిపల్ కమిషనర్‌కు ఇంటి నంబరుతో దరఖాస్తు ఇవ్వండి. అసలు పేరే లేకపోతే అది మున్సిపల్ కార్యాలయంలో తేలదు, అసెంబ్లీ ఓటర్ల నమోదు అధికారికి ఫారం-6 (కొత్త ఓటరు దరఖాస్తు) ఇవ్వాలి. పోటీకి మాత్రం ఇబ్బంది లేదు. మీకు 21 ఏళ్లు నిండి, పట్టణంలో ఏ వార్డు జాబితాలో పేరున్నా మరో వార్డులో నిలబడొచ్చు. ప్రతిపాదించేవారు మాత్రం ఆ వార్డు ఓటరే అయివుండాలి. నామినేషన్‌కు వెళ్లేటప్పుడు ఇద్దరి పేర్లూ ఉన్న జాబితా పేజీల ధ్రువీకరించిన నకళ్లు తీసుకెళ్లండి.