బిల్లు కౌంటర్ దగ్గర ఐదు స్టార్లు

ప్రశ్న: మా అత్తగారికి గాల్ బ్లాడర్ ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాం. డిశ్చార్జ్ రోజు బిల్లు కౌంటర్ దగ్గర ఒకమ్మాయి ట్యాబ్ చేతికిచ్చి, "ఐదు స్టార్లు ఇవ్వండి ఆంటీ, లేకపోతే మాకు మాటొస్తుంది" అంది. ఇచ్చేశాను. నిజానికి రెండో రాత్రి బెల్లు ఎంత కొట్టినా ఎవరూ రాక, నర్సు కోసం కారిడార్ అంతా తిరిగాను. ఈ స్టార్లతో సేవ ఎలా ఉందో తెలుస్తుందా మేడమ్?
– ఒక పాఠకురాలు, తార్నాక

జవాబు: ఆ పిల్ల మొహం చూసి ఇచ్చారు. నేనైనా ఇచ్చేదాన్నే.

నగరంలోనే ముప్పయ్యొక్క ఏళ్లు నర్సుగా చేశానమ్మా. మా వార్డులోనూ ఫారాలుండేవి. సగం మంది ఉర్దూ మాట్లాడేవాళ్లు, ఫారమేమో ఇంగ్లీషులో. చదవడం రానివాళ్లకి మా ఆయానే టిక్కు పెట్టేసేది. అందరూ 'సంతృప్తి'యే! ఒకసారి విసుగొచ్చి, ఇంటికెళ్లేవాళ్లని నేనే అడగడం మొదలుపెట్టాను, "ఈ మాత్ర దేనికి?" అని. ఒక పెద్దాయన మాత్రలన్నీ అరచేతిలో పోసుకుని, "తెల్లది పొద్దున, ఎర్రది రాత్రి" అన్నాడు. ఏది బీపీకో, ఏది షుగర్‌కో తెలీదు. ఫారంలో మాత్రం ఆయనది 'చాలా బాగుంది'. నాకు సిగ్గేసింది. రోజూ ఆ మాత్రలు ఇచ్చింది మేమే కదా.

బాగుందా అంటే మనవాళ్లు మొహమాటానికి బాగుందనే అంటారు. ఏం జరిగిందని అడిగితే జరిగింది చెబుతారు. అమెరికాలో ఆసుపత్రిలో ఉండి ఇంటికెళ్లిన రోగులని అడిగే సర్వే ఒకటుంది, హెచ్‌క్యాప్స్ అని, 2006లో మొదలైంది. అది ఇలాగే అడుగుతుంది. అదీ డిశ్చార్జ్ అయి కనీసం రెండు రోజులు గడిచాకే. నర్సులు మీ మాట శ్రద్ధగా విన్నారా, కొత్త మందు ఇచ్చేముందు అది దేనికో చెప్పారా అంటారు. ఎప్పుడూ లేదు, అప్పుడప్పుడు, చాలాసార్లు, ప్రతిసారీ – వీటిలో ఒకటి ఎంచుకోవాలి. 2008 నుంచి ఆ ఫలితాలు ఆసుపత్రుల పేర్లతోనే బయటపెడుతున్నారు. అక్కడా జవాబివ్వనివాళ్లే ఎక్కువనుకోండి. మన కేంద్ర ఆరోగ్య శాఖ కూడా 2016లో 'మేరా అస్పతాల్' తెచ్చింది. ఎస్సెమ్మెస్, ఫోన్, యాప్ ద్వారా అభిప్రాయం తీసుకుంటుంది. నచ్చలేదంటే ఎందుకని కూడా అడుగుతుంది, సిబ్బంది తీరా, శుభ్రతా, ఖర్చా అని. ఎదురుగా ట్యాబ్ పట్టుకుని నిలబడే మనిషి ఉండదు, అదే నాకు నచ్చింది.

ఇప్పుడైనా మించిపోలేదు. ఆ ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌కి నాలుగు లైన్లు రాయండి. 'సేవ బాగాలేదు' అని రాస్తే ఫైల్లో పడుంటుంది. ఫలానా తారీఖు రాత్రి ఇన్నింటికి బెల్లు కొట్టాం, ఇంతసేపటికి వచ్చారు అని రాస్తే డ్యూటీ చార్టు తీయాల్సొస్తుంది. ఆ రాత్రి ఎంతమంది రోగులకి ఎందరు నర్సులున్నారో కూడా అప్పుడే బయటపడుతుంది. మా నర్సుల తరఫున మాట్లాడుతున్నాననుకున్నా ఫర్వాలేదు.

ఇంకొకటి. స్టార్లు ఇచ్చింది మీరు, రాసిందీ మీరే. మంచం మీద ఉన్నది మీ అత్తగారు. ఉత్తరం రాసేముందు ఆవిడ పక్కన కాసేపు కూర్చుని అడగండి. మీరు కారిడార్‌లో తిరుగుతున్నంతసేపు గదిలో ఆవిడకి ఎలా గడిచిందో మీకూ తెలీదుగా.