రైలు పట్టాల కింద రేడియో బజారు

ప్రశ్న: మా నాన్నగారు విజయనగరం గంటస్తంభం దగ్గర రేడియోలు బాగుచేసేవారు. ఒక్క వాల్వు (పాత రేడియోల్లో ఉండే గాజు గొట్టం) కోసం పొద్దున్నే రైలెక్కి విశాఖ వెళ్లి వచ్చేవారు. జపాన్‌లో అకిహబారా అనే చోట రేడియో సామాన్లన్నీ పక్కపక్క కొట్లలోనే దొరుకుతాయని ఎంతో ఇష్టంగా చెప్పేవారు. ఆ బజారు ప్రభుత్వం కట్టించిందా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: లేదండీ, రోడ్డు మీంచి లేపేసిన చిన్న వ్యాపారులు పెట్టుకున్న బజారు అది.

1945లో యుద్ధం ముగిసేసరికి టోక్యో చాలావరకు కాలిపోయింది. అకిహబారా పక్కనే ఉన్న కాండా వీధుల్లో సైన్యం వదిలేసిన వాల్వులు, కండెన్సర్లు, వైర్లు రోడ్డు పక్కన పరిచి అమ్మేవారు. దగ్గర్లోనే ఒక ఎలక్ట్రికల్ స్కూలు ఉండేది (తర్వాత అదే టోక్యో డెంకి యూనివర్సిటీ అయింది), అక్కడి కుర్రాళ్లు ఆ సామాన్లు కొనుక్కెళ్లి రేడియోలు బిగించి అమ్మితే, కంపెనీ సెట్టు కంటే బాగా చవగ్గా వస్తోందని జనం ఎగబడ్డారు. నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చేది ఆ కుర్రాళ్లే.

1949లో, ఓడిపోయిన జపాన్‌ని అప్పట్లో నడుపుతున్న అమెరికన్ సేనల పాలన రోడ్డు మీది దుకాణాలన్నీ తీసేయమంది. వ్యాపారులు విడిపోకుండా కలిసి వెళ్లి అడిగి, అకిహబారా స్టేషన్ పక్కన ఎత్తు మీద వెళ్లే రైలు పట్టాల కింద చోటు సంపాదించారు. అక్కడి పాత కొట్లు ఇప్పటికీ మనిషి పట్టేంత ఇరుకుగా ఉండేది అందుకే. 1951లో ప్రైవేటు రేడియో స్టేషన్లు మొదలయ్యాక, పాత సెట్లలో రెండు స్టేషన్లు కలగాపులగంగా వినిపించడంతో, వాటిని విడదీసే సూపర్‌హెటరోడైన్ సెట్లకి గిరాకీ పెరిగింది, దాంతో విడిభాగాల బేరం ఇంకా ఊపందుకుంది.

తర్వాత టీవీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు వచ్చాయి. 1976లో ఎన్‌ఈసీ కంపెనీ టీకే-80 అనే కంప్యూటర్ కిట్‌ని (కొన్నవాళ్లే భాగాలు అతికించి బిగించుకునేది) విడుదల చేసి, అక్కడి రేడియో కైకాన్ భవనంలోనే బిట్-ఇన్ అని ఒక కేంద్రం తెరిచింది. సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న కుర్రాళ్లు మళ్లీ అక్కడికే చేరారు, ఈసారి కంప్యూటర్ కోసం. ఇప్పుడు వీధి నిండా కార్టూన్ బొమ్మల షాపులే అయినా, పాత వాల్వులు అమ్మే కొట్లు కొన్ని ఉన్నాయి.

మీ నాన్నగారి సెట్టు ఇంట్లో ఉంటే దయచేసి పారేయకండి. వాల్వు గాజు మీద నంబరు ఉంటుంది, ముందు అది కాగితం మీద రాసిపెట్టుకోండి, గుడ్డతో తుడిస్తే చెరిగిపోతుంది.