నల్లరేగడిలో అడవినాభి

ప్రశ్న: మా పెరడంతా నల్లరేగడి. వేపచెట్టు దగ్గర అడవినాభి (గ్లోరియోసా అనే పూల తీగ) దుంపలు పెడితే మొలక బాగానే వస్తోంది, ముసురు పట్టేసరికి మొదలు మెత్తబడి కూలిపోతోంది. గుంతలో ఇసుక కలిపినా అంతే. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, బోధన్

జవాబు: మీ గుంతే దుంపను కుళ్లబెడుతోంది. తడిసిన రేగడి ఉబ్బి సందులు మూసుకుంటుంది. చుట్టుపక్కల నీరంతా గుల్లగా ఉన్న మీ గుంతలోకి చేరి, తొట్టిలో ఉన్నట్టు కదలకుండా ఉంటుంది. తట్టెడు ఇసుకతో రేగడి మారదు. జిప్సమ్ వేయమంటారు గానీ, అది చౌడు ఉన్న నేలకే పనికొస్తుంది.

అనుమానముంటే అడుగు లోతు గుంత నీళ్లతో నింపి, ఇంకాక మళ్లీ నింపి చూడండి. గంటకు అంగుళమైనా దిగకపోతే అక్కడ నేలమట్టానికి పైనే నాటాలి.

తొలకరి పడ్డాక పదును చూసుకోండి: పిడికిట్లో పిసికిన ముద్ద వేలితో నొక్కితే చిట్లాలి, సాగితే ఆగాలి. జానెడు లోతున గడ్డపారతో కదిలించి, పైన 2 పాళ్లు ఎర్రమట్టి, 1 పాలు ముతక ఇసుక, 1 పాలు బాగా మాగిన పశువుల ఎరువు కలిపి అడుగు ఎత్తు, 3 అడుగుల వెడల్పు కట్ట పోయండి. ఎర్రమట్టి కింది పొరను రేగడితో కాస్త కలపకపోతే రెండూ కలిసే చోటే నీరు ఆగుతుంది. కట్ట వేప మొదలును తాకకూడదు, పూటైనా ఎండ పడాలి.

వంకర దుంపలో ఒక్కో కొమ్ముకు మొలక కన్ను కొసనే ఉంటుంది, అది విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు. దుంపను అడ్డంగా పడుకోబెట్టి 2–3 అంగుళాల లోతున, అడుగు ఎడంతో నాటండి. ఆకు కొసలే నులితీగలు. లావు కర్రను చుట్టుకోలేవు, సన్నని కంప గుచ్చండి. పూత అయ్యి తీగ ఎండాక నీళ్లు పూర్తిగా ఆపి, దుంప ఉన్నచోట పుల్ల గుర్తు పెట్టండి. వేసవిలో తవ్వి చూడకండి.

మొక్క అంతా విషమే, దుంప మరీనూ. అందులోని కోల్చిసిన్ ప్రాణం తీస్తుంది. చిలగడదుంపను పోలి ఉంటుంది కాబట్టి వంటింటి వైపు రానివ్వకండి, చేతి తొడుగులు వేసుకోండి. పిల్లలు, మేకలు తిరిగే పెరడైతే అసలు వద్దంటాం.

ప్రశ్న: కట్ట పోయకుండా రేగడిలోనే పెరిగే అడవి పూలున్నాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఎండ ఉంటే తంగేడు. గింజ పెంకు గట్టిది, గరుకు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెట్టి, ఉన్నచోటే విత్తండి. తల్లివేరు లోతుకు పోతుంది కాబట్టి పెద్ద మొక్కను పీకి నాటితే బతకడం కష్టం. నీడకైతే అడవి పసుపు బాగుంటుంది, కానీ దానికీ కట్ట తప్పదు. దేన్నైనా నర్సరీలోనే కొనండి, రిజర్వు అడవిలో తవ్వి తెస్తే కేసవుతుంది.