చేనేత అన్న మాట బిల్లు మీద ఉందా?

ప్రశ్న: మా ఇంట పెళ్లికి పెట్టుపోతల కోసం పోచంపల్లి పట్టుచీరలు చూస్తున్నాము. ఒకే దుకాణంలో దాదాపు ఒకే డిజైన్ చీర తొమ్మిది వందలకూ ఉంది, ఏడు వేలకూ ఉంది. రెండూ చేనేతేనని దుకాణదారు అన్నారు. చౌకది కొంటే నేతగాళ్ల కడుపు కొట్టినట్టా? ఖరీదైనది కొంటే వారికి న్యాయం చేసినట్టేనా? మాలాంటి మధ్యతరగతివారి మీద ఈ బాధ్యత ఎంతవరకు ఉంటుంది?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తొమ్మిది వందలకు పోచంపల్లి చేనేత పట్టుచీర రావడం సాధ్యం కాదు. నేత మొదలుకాక ముందే నూలుకు ఆసు పోసి (అంటే దారాన్ని మేకుల చుట్టూ చేత్తో వరుసగా తిప్పి), డిజైన్ ప్రకారం ముడులు కట్టి, రంగులద్ది, ఆరబెట్టి, మళ్లీ ముడులు కట్టవలసి ఉంటుంది. ఆ తరువాత మగ్గం మీద రోజుల తరబడి పని ఉంటుంది. మీరు చూసింది బహుశా అచ్చు వేసిన బట్ట అయి ఉంటుంది. చీరను తిరగేసి చూడండి. ఇలా ముడులు కట్టి రంగులద్దిన నూలుతో నేసే ఇక్కత్‌లో రంగు పడేది నూలుకే కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకే తీరుగా కనిపిస్తుంది, దాని అంచులు కొద్దిగా చెదిరినట్టుంటాయి. అచ్చు బట్టలో వెనుక వైపు వెలిసినట్టుంటుంది. అయితే ఈ పరీక్ష ఇక్కత్‌ను అచ్చు నుంచి వేరు చేయగలదే తప్ప, చేతిమగ్గాన్ని మరమగ్గం నుంచి వేరు చేయలేదు. అందుకు చేనేత గుర్తు ఉన్న లేబుల్, దానికి తోడు బిల్లు కావాలి.

మరమగ్గం చీర కొనడం తప్పు కాదు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మీద పనిచేసేవారూ కార్మికులే, వారి కష్టాలూ చిన్నవి కావు. సాంచాల మీద నేసినదాన్ని చేతిమగ్గం పేరుతో అమ్మడమే అన్యాయం, ఎందుకంటే అక్కడ కొన్నవారూ మోసపోతారు, చేతిమగ్గం మీద నేసేవారి మార్కెట్టూ పోతుంది. నిర్ణీత లక్షణాలు గల చీరలు, పంచెలు, తువ్వాళ్లు, లుంగీలు వంటి 11 రకాల వస్త్రాలను చేతిమగ్గాలకే కేటాయిస్తూ 1985 నాటి చట్టం ఉంది. దాన్ని 1993లో సుప్రీంకోర్టు సమర్థించింది. చట్టం ఉన్నా బజారులో నకిలీలు రాజ్యమేలుతున్నాయంటే, ఆ లోపాన్ని తనిఖీ చేయవలసిన ప్రభుత్వానికి ఆపాదించాలి గాని, పెళ్లి ఖర్చులు లెక్క చూసుకుంటున్న మీకు కాదు.

ఇక ఏడు వేలు పెడితే న్యాయం జరిగినట్టేనా అన్నది మీ ప్రశ్నలో అసలు చిక్కు. పోచంపల్లి ప్రాంతంలో చాలామంది నేతగాళ్లు మాస్టర్ వీవర్ (నూలు ఇచ్చి నేయించుకునే వ్యాపారి) దగ్గర నూలు తెచ్చుకుని, నేసిన బట్టకు మజూరీ (కూలి) తీసుకుంటారు. దుకాణంలో చీర ధర పెరిగినంత మాత్రాన ఆ మజూరీ పెరగదు. పైగా ఆసు పోయడం, కండెలు చుట్టడం వంటివి ఇంటి ఆడవాళ్లే చేస్తారు, వారి శ్రమకు విడిగా కూలీ కట్టే అలవాటు తక్కువ. ఆసు పోసి పోసి తల్లికి వచ్చిన భుజం నొప్పి చూడలేక, నేత కుటుంబానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం ముట్టుకుంటే చేనేత మైలపడుతుందని వాదించే పట్నవాసులు ఆ తల్లి భుజాన్ని లెక్కలోకి తీసుకోవాలని నా మనవి. అందుచేత వీలైతే నేతగాళ్ల సహకార సంఘం దగ్గరో, నేరుగా నేసేవారి ఇంటనో కొనండి, మజూరీ ఎంతని అడగండి. వీలుకాకపోతే రెండు చీరలకు బదులు ఒకటి కొనవచ్చు, లేదా మరమగ్గం చీరనే అదేనని తెలిసి కొనవచ్చు.

ఏ దుకాణంలోనైనా మీరు చేయగలిగిన పని ఒకటుంది. బిల్లు మీద ‘చేనేత పట్టు’ అని రాయమని అడగండి. నోటితో హామీ ఇచ్చినవారు రాయడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే. రాసి ఇచ్చి, తరువాత అది అబద్ధమని తేలితే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అది అనుచిత వ్యాపార పద్ధతి. అసలు బిల్లే ఇవ్వకపోవడం కూడా అదే చట్టం కిందికి వస్తుంది. సలహా కోసం 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: కార్మికులను పీడించే విదేశీ బట్టల కంపెనీలను బహిష్కరిస్తే సరిపోదా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: చాలాసార్లు సరిపోదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో బట్టలు కుట్టే కర్మాగారాలున్న రానా ప్లాజా భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ముందురోజే గోడల్లో పగుళ్లు కనిపించగా కింది అంతస్తుల్లోని బ్యాంకూ దుకాణాలూ మూసివేశారు, కుట్టుపనివారిని మాత్రం మర్నాడు పనిలోకి రప్పించారు. ఆ తరువాత మార్పు తెచ్చింది కొనడం మానేసినవారు కాదు. కార్మిక సంఘాల పోరాటం, కొనుగోలుదారుల నిరసన కలిసి ఒత్తిడి తేవడంతో, అదే ఏడాది మే నెలలో కంపెనీలు అగ్నిప్రమాద, భవన భద్రతపై చట్టబద్ధమైన ఒప్పందంలో చేరడం మొదలుపెట్టాయి. క్రమంగా వాటి సంఖ్య 200 దాటింది. స్వచ్ఛందంగా చేసిన పాత వాగ్దానాలకూ దీనికీ తేడా ఏమిటంటే, మాట తప్పిన కంపెనీని దీని కింద మధ్యవర్తిత్వానికి, అవసరమైతే కోర్టుకు ఈడ్చవచ్చు. కార్మికులే పిలుపునిచ్చిన బహిష్కరణకు మద్దతివ్వండి. వారు అడగనప్పుడు మాత్రం, ఆ కంపెనీ తన బట్టలు ఏ కర్మాగారాల్లో కుట్టిస్తోందో పేర్లతో సహా ప్రకటించిందో లేదో చూసి, ప్రకటించకపోతే ఎందుకని కంపెనీవారికే రాసి అడగండి.