బాపు ఐసీయూలో ఉంటే విభూతి, తీర్థం, మొక్కులు: ఏది లోపలికి, ఏది బయటే

అడిగింది: "నల్లగొండలో ఒక ప్రైవేటు దవాఖాన ఐసీయూలో బాపు నిమోనియాతో ఉన్నాడు. నిన్ననే వెంటిలేటర్ పైపు తీశారు, ఇప్పుడు ఆక్సిజన్ మాస్కు ఉంది. అమ్మ చెర్వుగట్టు శివుడి గుడి నుంచి విభూతి, తీర్థం తెస్తే సిస్టర్లు వద్దన్నారు. చేతి దారం కత్తిరించారు, అమ్మ అపశకునమని ఏడుస్తోంది, ఒక్కపొద్దులు ఉంటోంది. రాత్రిళ్లు బాపు మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. బాణామతి అంటున్నారు చుట్టాలు. ఎవరైనా తెలిసినవాళ్లు చెప్పండి."

తమ్ముడూ, ఐసీయూ డ్యూటీలో ఇవన్నీ రోజూ మా ముందుకొచ్చే సంగతులే. ముందుగా రాత్రి విషయం చెప్తాను. చుట్టాల మాట మీద పేషెంటును సంతకం పెట్టి తీసుకుపోవడం ఎక్కువగా జరిగేది దానివల్లే.

నువ్వు రాసింది చూస్తే అది డెలీరియం లాగా ఉంది, అంటే ఒంట్లో జబ్బు వల్ల మెదడు కొన్నాళ్లు గందరగోళపడడం. డ్యూటీ డాక్టరును అదే పేరు పెట్టి అడుగు. ఐసీయూలో, అందులోనూ వెంటిలేటర్ మీద ఉండి వచ్చినవాళ్లలో ఇది చాలా మామూలు. పొద్దున బాగానే మాట్లాడతారు, చీకటి పడగానే మారిపోతారు. గోడ మీద చీమలు పాకుతున్నాయంటారు, సిస్టర్ విషం ఎక్కిస్తోందంటారు, మాస్కు పీకేస్తారు. కొందరేమో ఉలుకూ పలుకూ లేకుండా పడుకుంటారు. అదీ ఇదే జబ్బు, కాకపోతే ఎవరి కంటా పడదు. ఇన్ఫెక్షన్, ఆక్సిజన్ తగ్గడం, మత్తుమందులు, ఒంట్లో సోడియం తేడా, మూత్రం బిగపట్టడం, మలబద్ధకం, రాత్రీ పగలూ వెలిగే లైట్ల కింద నిద్ర లేకపోవడం, ఇవన్నీ కారణాలే.

మన దిక్కు ఇంకో కారణం ఉంది, ఇంట్లోవాళ్లు సిగ్గుపడి దాచేది. బాపుకు రోజూ కల్లు అలవాటా? మన జిల్లాల్లో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం లాంటి మత్తుమందులు కలుపుతారు. అలాంటి కల్లు, లేదా సారా, ఒక్కసారిగా ఆగితే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం జరుగుతాయి. దానికి వేరే మందు ఉంది, కానీ నువ్వు చెప్తేనే డాక్టరు ఇస్తాడు. ఎంత తాగేవాడు, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఈ రెండు ముక్కలు ఇవాళే చెప్పు.

మీ చేతిలో ఉన్న పనీ ఉంది. బాపు కళ్లద్దాలు, వినికిడి మిషన్ ఉంటే తెచ్చి సిస్టర్‌కివ్వు. లోపలికి పోయిన ప్రతిసారీ పేరు, చోటు, రోజు చెప్పు: "బాపూ, నేను పెద్దోణ్ని. ఇది నల్లగొండ దవాఖాన. ఇవాళ గురువారం, పొద్దున పది అయింది." ఆయనకు కనబడేదాని మీద వాదించకు, కనబడుతోందని ఒప్పుకోనూ వద్దు. మంచం దగ్గర బాణామతి మాట అస్సలు ఎత్తకండి. ఇదివరకే భయపడి ఉన్న మనిషి చెవిన పడితే మాస్కు పీకడం ఎక్కువవుతుంది. మూల కారణం తగ్గేకొద్దీ చాలామందికి కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, వయసు మీద పడ్డవాళ్లకు వారాలు పట్టొచ్చు. అమ్మ మనసు ఒప్పక దిష్టి తీయాలంటే ఇంటి దగ్గర బాపు అంగీకి తీయించు, ఉప్పుతోనో ఎండు మిరపకాయలతోనో. మనిషిని మాత్రం మంచం మీది నుంచి కదిలించొద్దు. మాస్కు మీద ఉన్నవాణ్ని ఆక్సిజన్ లేని కారులో పక్క ఊరికి తీసుకుపోతే దారిలోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఇక దారం. కత్తిరించినందుకు సిస్టర్ మీద కోపం పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. సెలైన్లు ఎక్కుతున్న ఒళ్లు నీరు పడుతుంది. నిన్న వదులుగా ఉన్న దారం ఇవాళ మణికట్టును కోసేటంత బిగుసుకుంటుంది. బాపు చెయ్యి దగ్గర్నుంచి చూడు: వెనకవైపు సూది, దాని మీద ప్లాస్టర్, కొందరికి మణికట్టు లోపలివైపు నాడి దగ్గర బీపీ చూసే ఇంకో గొట్టం. తడిసిన దారం ఆ సూది పక్కనే ఉంటే సూక్ష్మజీవులకు గూడు. రాగిదో ఇనుపదో తాయెత్తుంటే ఎంఆర్‌ఐ గదిలోకి తీసుకుపోలేరు కూడా. తీసిన దారాన్ని అమ్మ చేతికి కట్టుకోవచ్చు, దేవుడి పటానికి చుట్టొచ్చు. ఆడవాళ్ల పుస్తెలతాడుకూ ఇదే చిక్కు వస్తుంది. స్కానింగుకు తీయాల్సి వస్తే పసుపు కొమ్ము కట్టిన నూలు దారం వేసి పంపడం మనవాళ్లు చేసేదే. సిస్టర్‌కు ముందే చెప్తే సరిపోతుంది.

తీర్థం విషయంలో మాత్రం ఒక్క చుక్క కూడా వద్దని గట్టిగా చెప్తున్నా. పైపు తీశారు కదా, ఇక ఫర్వాలేదనుకుంటారు. నిజానికి పైపు తీసిన తొలి రోజుల్లోనే ముప్పు ఎక్కువ. గొంతు కండరాలు బలహీనంగా ఉంటాయి, మింగింది కడుపులోకి కాక ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. కొందరికి దగ్గు కూడా రాదు, కొంచెంసేపటికి ఆక్సిజన్ పడిపోతుంది, నిమోనియా తిరగబెట్టి పైపు మళ్లీ వేయాల్సి వస్తుంది. మింగగలడో లేదో పరీక్షించి డాక్టరు సరేనన్నాకే నోటికి ఏదైనా. అప్పుడు కూడా సీసాలో రోజుల తరబడి నిలవున్న తీర్థం కాదు. ముక్కు గొట్టం ఉంటే అందులో పోయడానికీ లేదు. గుడి కొబ్బరినీళ్లు కూడా అడగకుండా ఇవ్వొద్దు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు అందులోని పొటాషియం గుండెను ఆపేయగలదు. తీర్థం బాపు పేరు చెప్పుకొని అమ్మే తీసుకోమను.

విభూతిది వేరే ఇబ్బంది. మగతలో ఉన్నవాళ్ల కళ్లు సగం తెరిచి ఉంటాయి, నుదుటి మీది పొడి రాలి కంట్లో పడితే నల్లగుడ్డు గీసుకుపోతుంది. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి గొట్టం వేసి ఉంటే పొడి అక్కడికి పోనే కూడదు, ఆ దారి నేరుగా గుండె వైపు పోతుంది. విభూతి పొట్లాన్ని జిప్ కవర్లో పెట్టి బాపు సామాను దగ్గర ఉంచమని అడుగు, చాలామంది సిస్టర్లు ఒప్పుకుంటారు. పూలు, తులసి, నిమ్మకాయలు లోపలికి తేవద్దు, తడిలో బూజు, సూక్ష్మజీవులు ఉంటాయి. అగర్‌బత్తి, కర్పూరం, దీపం అయితే వెయిటింగ్ హాల్లో కూడా వద్దు. ఆక్సిజన్ ఉన్నచోట చిన్న నిప్పురవ్వ చాలు. ఇంట్లో అఖండ దీపం పెట్టి అందరూ దవాఖానకు వస్తున్నారేమో, అదీ చూసుకో. పక్కింటి పెద్దమ్మకు చెప్పి పూటకో దీపం పెట్టిస్తే చాలు.

లోపలికి తేగలిగినవి చెప్తా. పోస్టుకార్డంత పటం, లామినేషన్ చేయించింది. అద్దం ఫ్రేము పగులుతుంది, ఉత్త కాగితాన్ని తుడవలేం. పుండ్లు పడకుండా పేషెంటును రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతుంటారు, ఆయన ముఖం తిరిగే వైపు కనబడేలా పెట్టమను, మానిటర్‌కు అడ్డం రాకుండా. అంతకంటే మంచిది అమ్మ గొంతు. ఆమె రోజూ చదువుకునే శివస్తుతో, లింగాష్టకమో ఫోన్లో రికార్డు చెయ్యి. బజారులో దొరికే పాట కాదు, అమ్మ గొంతే కావాలి. తెలిసిన గొంతు వింటే పేషెంటు కుదుటపడతాడు. పావుగంట మించకుండా, చిన్న సౌండుతో, ఫోనును స్పిరిటుతో తుడిచి ఇవ్వు. రాత్రి నిద్ర టైంలో వద్దు. అమ్మ లోపలికి పోయినప్పుడు శానిటైజర్ రెండు చేతులకూ అర నిమిషం రుద్దుకొని, ఆరాక, బాపు చెయ్యి పట్టుకొని మనసులో మొక్కుకోవచ్చు. దానికి ఎవరూ అడ్డు చెప్పరు.

ఇది మన ఒక్కరి సంగతి కాదు. జాన్‌పహాడ్ దర్గా నుంచి దట్టీ (మొక్కు గుడ్డ) తెచ్చేవాళ్లు, జంజం నీళ్లు తెచ్చేవాళ్లు, పాస్టరుతో నూనె రాయించాలనేవాళ్లు, అందరికీ అవే లెక్కలు. ఒంటికి తగిలేది, నోట్లోకి పోయేది, మండేది ఏదైనా ముందు అడగాలి. ప్రార్థన చేసే పెద్దమనిషి ఒక్కరే, విజిటింగ్ టైంలో, మెల్లగా చేస్తే చాలాచోట్ల రానిస్తారు.

అమ్మ ఒక్కపొద్దుల గురించి నాకు బెంగగా ఉంది. ఆమెకు షుగర్ గోలీలు ఉన్నాయా? తిండి మానేసి గోలీ వేసుకుంటే షుగర్ పడిపోయి చెమటలు పట్టి కూలబడుతుంది. గోలీ కూడా మానేస్తే షుగర్, బీపీ పెరుగుతాయి. అటెండెంట్లు కళ్లు తిరిగి కింద క్యాజువాలిటీలో చేరడం మాకు కొత్త కాదు. నీచు మానుకోమను, రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తినమను, మొక్కు అలా కూడా చెల్లుతుంది. కొత్త బట్ట పసుపులో ముంచి ఆరబెట్టి, రూపాయి బిళ్ల, గుప్పెడు బియ్యం వేసి ముడుపు కట్టి దేవుడి దగ్గర పెడితే ఖర్చూ లేదు, ఒంటికి కష్టమూ లేదు. గొలుసు కుదువపెట్టి మంత్రగాడికి ఇవ్వడం మాత్రం వద్దు. ఆ దవాఖానలో ఆరోగ్యశ్రీ ఉందేమో ఆరోగ్యమిత్ర కౌంటర్లో అడుగు, 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు. సీఎం సహాయనిధికి పెట్టుకోవాల్సి వస్తే అసలు బిల్లులే కావాలి, ఒక్కటీ పారెయ్యకు.

ఆపరేషన్ లాంటివాటికి ఒప్పుకుంటూ సంతకాలు పెట్టేటప్పుడు రాహుకాలం, అమావాస్య అడ్డమొస్తే మొహమాటపడకుండా డాక్టర్నే అడుగు: "సార్, ఇది గంటన్నర ఆగుతుందా? రేపటిదాకా ఆగుతుందా?" ముందుగా అనుకొని చేసే ట్రాకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి ఊపిరి గొట్టం వేయడం) లాంటిది ఒక రోజు అటూ ఇటూ అయినా చాలాసార్లు ఫర్వాలేదు. ఊపిరి ఆడనప్పుడు పైపు వేయడం, రక్తం కారడం ఆపడం, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు యాంటీబయాటిక్ మొదలుపెట్టడం ఒక్క ఘడియ కూడా ఆగవు. సంతకం ఎవరు పెట్టాలో ఇంట్లో ఇప్పుడే అనుకోండి, అప్పటికప్పుడు నలుగురు నాలుగు మాటలంటే గంటలు పోతాయి.

బాపు ఇంటికొచ్చాక వెంటనే గట్టుకు తీసుకుపోవాలని అమ్మ అంటుంది. మొదటి చెకప్ అయ్యేదాకా ఆగండి. అమావాస్య రాత్రి జనంలోకి కాకుండా మామూలు రోజు పొద్దున బండి మీద పైకి పోండి. మెట్లు, గట్టు మీది మూడు గుండ్ల (పెద్ద బండల) మధ్య ఎక్కడం ఈ ఏడుకు వద్దు. తలనీలాలు ఇస్తానని మొక్కి ఉంటే కళ్లముందే కొత్త బ్లేడు వేయించు. రక్తం పలచబడే గోలీలు రాసి ఉంటే గుండు చేయించే ముందు డాక్టరును ఒక మాట అడుగు, చిన్న గాటు పడినా రక్తం తొందరగా ఆగదు.