ఏ టూల్ కొనాలని అడిగారు, ముందు మౌస్ తీసి పక్కన పెట్టండి

మీ ప్రభుత్వ శాఖ వెబ్‌సైటును వికలాంగులు కూడా వాడుకునేలా మార్చమని ఉత్తర్వు వచ్చిందనీ, అందుకు ఏ టూల్ కొంటే మంచిదనీ అడిగారు. ఏదీ కొనకండి. నాకు చూపు లేదు, పద్నాలుగేళ్లుగా తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తోనే కంప్యూటర్ వాడుతున్నాను. నేను వాడే స్క్రీన్ రీడర్ ఎన్‌వీడీఏ ఉచితం. మీరు కూడా దించుకుని ఒక పూట కూర్చుంటే మీ సైటు సంగతి మీకే వినబడుతుంది.

రెండేళ్ల కిందట నా వైకల్య ధ్రువపత్రం రెన్యువల్‌కి కూర్చున్నాను. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలి, వేరే దారి లేదు. ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు వెళ్లే ట్యాబ్ కీ నొక్కితే స్క్రీన్ రీడర్ “ఎడిట్, బ్లాంక్” అంది, అంటే ఖాళీ పెట్టె అని. మళ్లీ నొక్కితే మళ్లీ “ఎడిట్, బ్లాంక్”. ఇలా పదకొండు పెట్టెలు. ఏది నా పేరో, ఏది నాన్న పేరో, ఏది ఫోన్ నంబరో చెప్పదు. తెర మీద ప్రతి పెట్టె పక్కనా దాని పేరు ఉందట. కోడ్‌లో మాత్రం ఆ పేరును ఆ పెట్టెకు కలపలేదు. చూసేవాళ్లకు రెండూ పక్కపక్కన ఉంటే చాలు, నా చెవికి ఆ ‘పక్కన’ ఎలా తెలుస్తుంది? ఇది కొత్త విషయమా అంటే, పెట్టెకు లేబుల్ కలపాలని వికలాంగులు కూడా వాడుకునేలా వెబ్‌సైట్లు ఎలా చేయాలో చెప్పే అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల మొదటి వెర్షన్‌లోనే, 1999లోనే రాసి పెట్టారు.

బాణం కీలతో తడుముకుంటూ పుట్టిన తేదీ దాకా వచ్చాను. క్యాలెండర్ మౌస్‌తో నొక్కితేనే తెరుచుకుంటుంది, టైపు చేయనివ్వదు. దానితో కుస్తీ పడుతుండగానే సెషన్ టైము అయిపోయి లాగిన్ పేజీకి తోసేసింది. నింపినదంతా పోయింది. టైము అయిపోయే ముందు చెప్పాలి, ఒక్క కీ నొక్కితే పొడిగించుకునే వీలివ్వాలి. ఇది కూడా ఆ మార్గదర్శకాల్లో ఉన్నదే.

రెండోసారి తేదీ మా మేనల్లుడి చేత పెట్టించి, మిగతాది నేనే నింపి సబ్మిట్ నొక్కాను. చప్పుడు లేదు. ఇంకోసారి నొక్కాను. చప్పుడు లేదు. వెళ్లిపోయిందనుకుని లేవబోతుంటే వాడు, “మామయ్యా, ఒక పెట్టె చుట్టూ ఎర్ర గీత వచ్చింది” అన్నాడు. ఏ పెట్టెరా అంటే, వైకల్య శాతం. నేను అంకె పక్కన శాతం గుర్తు కూడా కొట్టానట. వాడు చూసి ఉండకపోతే ధ్రువపత్రం కోసం నెలల తరబడి ఎదురుచూసేవాణ్ని. ఇక చివరికి నా జబ్బు వివరాలు, బ్యాంకు ఖాతా నంబరు, ఓటీపీ అన్నీ తొమ్మిదో తరగతి పిల్లాడి ముందు పెట్టాను. వాడు మావాడు కాబట్టి సరిపోయింది. ఇంట్లో ఎవరూ లేనివాళ్లు ఇవే వివరాలు ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పుకోవాలి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ శాఖకు ఉత్తరం రాశాను, పిలిచారు. సైటు చేసిన కుర్రాడు మర్యాదగానే, “టూల్‌తో చెక్ చేశాం సార్, 96 మార్కులు వచ్చాయి” అన్నాడు. దేన్ని చెక్ చేశారంటే, హోమ్‌పేజీని. ఫారం లాగిన్ వెనక ఉంది, టూల్ అక్కడిదాకా వెళ్లనే లేదు. మానిటర్ ఆపేసి అతని చెవులకు నా హెడ్‌ఫోన్లు పెట్టాను. మెనూలోని లింకులన్నీ దాటి ఫారం చేరడానికే నలభైకి పైగా ట్యాబ్‌లు నొక్కాడు. ఆ తర్వాత ఏం మాట్లాడలేదు. సాయంత్రానికి పదకొండు పెట్టెలకూ లేబుళ్లు వచ్చాయి, తేదీ చేత్తో కొట్టుకునేలా అయింది, తప్పు ఎక్కడుందో మాటల్లో చెప్పడం మొదలుపెట్టింది. ఒక్క సాయంత్రం పని! నన్నడిగితే ప్రభుత్వ సైట్లలో మా అవస్థలు పదింటిలో ఎనిమిది ఇలాంటివే.

అడగలేదు కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. పేజీ మూలన చక్రాల కుర్చీ బొమ్మ పెట్టి, అక్షరాలు పెంచే, రంగులు మార్చే బటన్లు అమ్ముతారు. మీరు కొనాలనుకున్నది బహుశా అదే. అది నాకు ఇంకో పది ట్యాబ్‌ల అడ్డం తప్ప మరేం కాదు. కింద లేబుల్ లేని పెట్టె లేబుల్ లేకుండానే ఉంటుంది. ఇక పీడీఎఫ్‌లు! కంప్యూటర్‌లో టైపు చేసిన ఉత్తర్వును ప్రింటు తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కిస్తారు. అప్పుడది అక్షరాలు కాదు, బొమ్మ. మా వరకు అది ఖాళీ కాగితం. యూనికోడ్ (ఏ కంప్యూటరైనా ఒకేలా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాని పాత ఫాంట్లలో ఉన్న తెలుగైతే పిచ్చి అక్షరాలుగా వినిపిస్తుంది. పేజీ భాష తెలుగని కోడ్‌లో చెప్పకపోతే ఒక్కోసారి ఇంగ్లీషు గొంతే తెలుగు చదవబోయి అక్షరాలు మింగేస్తుంది.

కాబట్టి రేపు మౌస్ తీసేసి, మీ సైటులో జనం ఎక్కువగా వాడే ఫారం ఒకటి మొదటి నుంచి రసీదు దాకా కీబోర్డుతోనే నింపండి. ఎక్కడ ఆగిపోతారో అక్కడి నుంచే పని మొదలుపెట్టండి. తర్వాత చూపు లేనివాళ్లను, చేతులు సహకరించనివాళ్లను, వినపడనివాళ్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. టూల్‌కని అనుకున్న డబ్బులోంచి వాళ్లకు ఆ రోజు కూలి, దారి ఖర్చులు ఇవ్వండి. నాకైతే ఎవరూ ఇవ్వలేదు.